సుక్కాని చేపలు మానిన వానాకాలం

ఈ పూట మా సుక్కాని వరండాలో ఎండ పడిన మేర చూసుకుని, నాలుగు కాళ్లూ పైకెత్తి వెల్లకిలా నిద్రపోతున్నాడు. పొట్ట మీద బొచ్చు ఒత్తుగా పెరిగింది. తెలియనివాళ్లు చూస్తే వీడు పుట్టినప్పటి నుంచీ ఇంత సుఖంగానే ఉన్నాడనుకుంటారు. నాకు మాత్రం వాణ్ణి ఇలా చూసినప్పుడల్లా రెండేళ్ల కిందటి వానాకాలం గుర్తొస్తుంది. చెప్తే నవ్వుతారేమో గాని, ఆ కాలం మీద నాకు బెంగ. ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేని రోజుల మీద బెంగ పెట్టుకున్న మనిషిని నేనొక్కదాన్నేనేమో.

మా దీవిలోని అబర్డీన్ బజారులో నాకో చిన్న మ్యాచింగ్ సెంటరుంది. జాకెట్టు ముక్కలు, ఫాల్సులు, లేసులు అమ్ముతాను. గిరాకీ లేనప్పుడు కబుర్లు చెప్తాను, ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ చెప్తాను. నేను చెప్పిన దాంట్లో సగం కొట్టేసి మిగతాది నమ్మాలని మా వీధివాళ్లు ఎప్పుడో తీర్మానించుకున్నారు. ఈ సంగతిలో కొట్టేయాల్సింది తక్కువే. ఎక్కడ పెంచానో మీకే తెలిసిపోతుంది.

మా ఇల్లు బ్రూక్షాబాద్‌లో. మా ఆయన ప్రసాదు చిన్న చిన్న కాంట్రాక్టులు చేస్తాడు, ప్రహరీ గోడలు, మురుగు కాలువలు అలాంటివి. మా మావయ్య, అంటే మా ఆయన తండ్రి, దీవుల మధ్య తిరిగే బోట్ల మీద సారంగుగా చేసి రిటైరయ్యాడు. సారంగంటే డెక్కు మీద ఖలాసీలందరికీ పెద్ద. ఉద్యోగం ఆఖరి రోజున దండలేసి సాగనంపితే, జెట్టీ నుంచి ఆయన వెనకే ఒక కుక్కపిల్ల నడుచుకుంటూ వచ్చేసింది. తోక ఎప్పుడూ ఒక పక్కకి వాల్చి ఉంటుందని, అది పడవ చుక్కానిలా ఉందని మావయ్య తన యాసలో సుక్కాని అని పిలిచాడు. అదే పేరైంది.

మావయ్యతో పాటు బోటు మీది పద్ధతులు కూడా ఇంటికొచ్చాయి. వాటిలో ఒకటి పారా వాటా. ఆయన బోటులో వంట దిగగానే ముందు ముక్క, అందరికంటే మంచి ముక్క, ఆ పూట పారా కాసేవాడికి వెళ్లేది. కెప్టెను ఆకలితో నకనకలాడుతున్నా సరే, పారావాడి పళ్లెంలో పడ్డాకే మిగతావాళ్లకి. మా ఇంట్లో పారా సుక్కానిది. కాబట్టి రోజూ రెండు పూటలా చేపల పులుసులో మొదటి ముక్క, ముల్లు తీసి, కడిగి, వాడి గిన్నెలో పెట్టి గాని మావయ్య కంచం ముందు కూర్చునేవాడు కాదు. ఏడేళ్లు అలా జరిగింది.

మే నెల, మొదటి జల్లులు

ముందు చెవి వెనక గోక్కున్నాడు. కుక్కన్నాక గోక్కోదా అనుకున్నాం. తరవాత చంకలు, పొట్ట, ఆ పైన పాదాలు. కూర్చుని వెనక కాలితో గోక్కుంటుంటే ఆ కాలు వరండా చెక్కల మీద డబడబా కొట్టుకునేది. ఆ చప్పుడుకి పక్కింటివాళ్లు తలుపు తీసి ఎవరొచ్చారని చూసేవారు. ఒకసారి ఓ కొరియరు కుర్రాడు ఆ చప్పుడు విని, లోపల మేస్త్రీలు పని చేస్తున్నారనుకుని పార్సెలు గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు.

మా దీవుల్లో చర్మానికి ఏమొచ్చినా మొదటి మందు సముద్రం. పొక్కులకీ అదే, దురదకీ అదే, ఏ జబ్బో తెలియకపోయినా అదే. మావయ్యకైతే సముద్రం కంటే పెద్ద డాక్టరు లేడు. పొద్దున్నే ఆయనా నేనూ సుక్కానిని తీసుకెళ్లి నడుము లోతు నీళ్లలో నిలబెట్టి ముంచేవాళ్లం. ఇంటికొచ్చాక కొబ్బరినూనె రాసేవాళ్లం. ఎదురింటి షెఫాలీ దీదీ వేపాకు నూరి ఇచ్చింది, అదీ పూశాం. ఉప్పు ఆరి, దాని మీద నూనె, ఆ పైన పసరు పట్టి, ఇసుక ఈగలు కుట్టి, వాడు చివరికి ఎండబెట్టిన కొబ్బరి పీచులా తయారయ్యాడు. దురద రెట్టింపైంది. చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారి ఏనుగు చెవిలా మడతలు పడింది. వాసన కూడా మొదలైంది, తడిసి మగ్గిన గోనెసంచీ వాసన.

ఇది చదువుతున్న మీలో ఎవరింట్లోనైనా కుక్క గోక్కుంటుంటే ఒక్కమాట. నెల రోజులు సముద్రంలో ముంచకండి. మేం ముంచాం.

జులై

పశువుల ఆసుపత్రి వరండాలో ఆ నెలంతా గడిపినట్టు నాకు గుర్తు. రేకుల మీద వాన పడుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. మేకలు, కోళ్లు, ఒళ్లో బాతును పెట్టుకున్న ఒక నికోబారీ ముసలమ్మ, అందరం ఒకే బల్ల మీద. సుక్కాని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. వాడికది తెలిసినట్టే ఉండేది. నా కాళ్ల కింద ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. అంతవరకూ జెట్టీలో పుట్టిన పొగరుతో వీధంతా ఏలిన కుక్క అలా గోడవైపు తిరగడం నేను భరించలేకపోయాను. ఒకరోజు ఆ ముసలమ్మ ఏమీ అనకుండా బాతుని చంకలో పెట్టుకుని లేచి వచ్చి, తన భుజం మీది తువ్వాలు తీసి వాడి కింద పరిచి, మళ్లీ వెళ్లి తన చోట కూర్చుంది. ఆమె పేరేమిటో ఇప్పటికీ తెలియదు. తువ్వాలు ఉతికి పట్టుకెళ్తే మళ్లీ కనపడలేదు.

డాక్టరమ్మ కేరళ అమ్మాయి, మాతో హిందీలో మాట్లాడేది. ముందు పురుగులన్నది, వాటికి మందిచ్చింది. చర్మం పుండైందని మాత్రలిచ్చింది. స్నానానికి మందుసబ్బు ఇచ్చింది. నాకకుండా మెడకి పెద్ద ప్లాస్టిక్ గరాటు కట్టింది. ఆ గరాటుతో సుక్కాని ఇంట్లో తిరుగుతూ తలుపులకీ బకెట్లకీ గుద్దుకుంటుంటే, లైట్‌హౌస్ ఊడి వచ్చి తిరుగుతున్నట్టుండేది. మాత్రలు వాడినన్నాళ్లూ పుండ్లు తగ్గేవి, ఆపగానే మళ్లీ మొదలు.

మా ఆయన ఓపిక అప్పుడే అయిపోయింది. ఆయన్ని తప్పు పట్టను. పొద్దున్నే పనిలోకి దిగాల్సిన మనిషి, రాత్రంతా ఆ డబడబ చప్పుడు. చేతి మీద తనకీ దద్దురు లేచిందని నాకు చూపించాడు. అది సిమెంటుదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా ఒకరోజు అన్నం తింటూ చెప్పేశాడు. మాయాబందర్ వైపు ఆయన స్నేహితుడికి వక్క తోట ఉంది, అక్కడ కాపలాకి కుక్క కావాలట. దీపావళి దాకా చూద్దాం, అప్పటికీ తగ్గకపోతే బస్సులో ఎక్కించి పంపించేద్దాం.

మావయ్య తల ఎత్తలేదు. "రెండు టికెట్లు తియ్యి," అన్నాడు. "సుక్కాని ఎల్తే నానూ ఎల్తాను."

మా ఆయన నవ్వేశాడు. నేను నవ్వలేదు. అత్తయ్య పోయాక ఆ ముసలాయన నోరు తెరిచి మాట్లాడేది ఒక్క సుక్కానితోనే. మాకు వినపడేవి గ్లాసు మంచినీళ్లు కావాలి, ఫ్యాను తగ్గించండి, అంతవరకే. దీపావళికి వాడు బస్సెక్కితే ఈయన నిజంగా ఎక్కేస్తాడు, లేదా ఎక్కకుండా ఇక్కడే ఇంకా ఎక్కువ దూరం వెళ్లిపోతాడు. నా భయం అది.

ఆగస్టు

డాక్టరమ్మ ఒకరోజు మందుల సంగతి పక్కన పెట్టి, వీడు ఏం తింటాడని అడిగింది.

చేప, అన్నాను.

ఇంకా?

చేప తలకాయ. ఎండుచేప. రొయ్యపొట్టు. ఎప్పుడైనా కోడి, గుడ్డు. షెఫాలీ దీదీ ఇంట్లో చేప. వెనకింటి మేరీ ఆంటీ ఇంట్లో చేప. బస్టాపు దగ్గర టీ కొట్టువాడు పెట్టే చేప.

ఆమె చేతిలో పెన్ను కింద పెట్టేసింది. కొన్ని కుక్కలకి తినే తిండే పడదనీ, ఏళ్ల తరబడి తిన్నదే ఒకరోజు తిరగబడుతుందనీ చెప్పింది. దీనికి రక్తపరీక్ష కంటే నమ్మకమైంది ఒకటే. వీడు ఎన్నడూ తినని మాంసం ఒకటి, ఒక దుంప, ఉప్పూ కారం లేకుండా ఉడికించి ఎనిమిది వారాలు అదొక్కటే పెట్టాలి. మధ్యలో ఒక్క చేపముల్లు నాకినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆలోచించి చూస్తే మా సుక్కాని ఎన్నడూ తినంది మేకమాంసం ఒక్కటే. ఎందుకంటే మేం కూడా పండగకి తప్ప తినం. ఆ విధంగా మా ఇంట్లో కుక్క మేకమాంసమూ చిలగడదుంపా, మా ఆయన పప్పూ అప్పడమూ తినే రోజులొచ్చాయి.

వీధిలో ఇంటింటికీ వెళ్లి చెప్పాను, డాక్టరు చేప వద్దన్నదని. అందరూ పాపం అన్నారు. అందరూ తలూపారు. రెండు వారాలు గడిచాయి. గోకుడు ఇసుమంత కూడా తగ్గలేదు. పైగా ఒక మధ్యాహ్నం సుక్కాని నా మొహం దగ్గరికొచ్చి ఆవలిస్తే గుప్పున ఎండు నెత్తళ్ల చేపల వాసన.

కూపీ లాగాను. షెఫాలీ దీదీ తలకాయ పెడుతోంది, తలకాయలో కండ ఉండదు కాబట్టి అది చేప కిందికి రాదట. మేరీ ఆంటీ కరువాడు, అంటే ఎండుచేప, పెడుతోంది, డాక్టరు చెప్పింది పచ్చి చేప గురించేనట. మా దీవుల్లో చేప పెట్టొద్దంటే గాలి పీల్చొద్దన్నట్టే కదా. తిండికి వచ్చిన ప్రాణికి చేప పెట్టకుండా పంపడం మర్యాద కాదు, అది కుక్కైనా, కలెక్టరైనా. ఇక అసలు దొంగ మా ఇంట్లోనే ఉన్నాడు. నేను వంటింట్లోకి తిరగ్గానే మావయ్య తన కంచంలో మొదటి ముక్క తీసి, అరచేతిలో దాచి, వరండా పక్కకి వెళ్తున్నాడు.

అడిగితే దాచలేదు. "పారా కాసీవోడి వాటా ఆపీమంటే ఎలాగమ్మా," అన్నాడు. "ఆడు డూటీ సేత్తన్నాడు కదా. నా బోటు మీద అలాటి పని ఎప్పుడూ జరగనేదు."

ఆ మనిషికి డాక్టరు మాట నేను ఏ భాషలో చెప్పినా ఎక్కదని అర్థమైంది. దీపావళి ఎంతో దూరం లేదు.

సెప్టెంబరు

మర్నాడు కొట్టు తెరవకుండా వీధిలోకి వెళ్లాను. ఈసారి డాక్టరు పేరు ఎత్తలేదు. గొంతు తగ్గించి, మా మావయ్య మొక్కుకున్నాడని చెప్పాను. సుక్కానికి నయమయ్యేదాకా తను చేప ముట్టనని, వాడికీ ముట్టించనని. మధ్యలో ఎవరైనా వాడికి చేప పెడితే మొక్కు చెడి, ఆ చెడు ఆయన మీదికే వస్తుందని.

ఎవరికి మొక్కాడని ఒక్కరూ అడగలేదు. షెఫాలీ దీదీ చెయ్యి నుదుటికి తగిలించుకుంది. ఆమె మనసులో కాళీమాత మెదిలి ఉంటుంది. మేరీ ఆంటీ శిలువ గీసుకుంది. టీ కొట్టు భయ్యా కొట్టు ముందున్న బిస్కెట్ డబ్బా పక్కనే నిలబడి పైకి చూశాడు. డాక్టరు చెప్పిన మాటకి తలకాయనీ ఎండుచేపనీ మినహాయించిన వీధి, ముసలాయన మొక్కుకి ముల్లుని కూడా మినహాయించలేదు. ఎవరి దేవుడు వాళ్లకున్నా, పక్కింటివాళ్ల మొక్కు చెడగొట్టిన పాపం మాత్రం ఇక్కడ ఎవరూ నెత్తిన వేసుకోరు.

నేను తెలివిగా చేశాననుకున్నాను. సాయంత్రం షెఫాలీ దీదీ మా గడప ఎక్కి మావయ్య ముందు నిలబడేసరికి నా తెలివి కాస్తా కిందికి జారింది. ఆ సంగతి ఆయనకి నేనింకా చెప్పలేదు.

"కాకా," అంది ఆమె, "ఇస్ ఉమర్ మే మఛ్లీ ఛోడ్ దియా?"

ఈ వయసులో చేప మానేశావా అని. మావయ్య ఆమెను చూశాడు. తరవాత నన్ను చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. వంటింట్లో కోనాం చేప ముక్కల పులుసు అప్పుడే దించాను, దాని వాసన ముగ్గురికీ తగులుతోంది. ఆయన కాదంటే నా పని అయిపోయినట్టే, సుక్కాని పనీ అయిపోయినట్టే.

"హా బేటీ," అన్నాడు. "ఛోడ్ దియా."

ఆమె కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. మావయ్య సుక్కాని వీపు నిమిరాడు.

"ఏటమ్మా, ఎవురికి మొక్కీసేను నాను?"

"మీ ఇష్టం మావయ్యా. ఎవరూ అడగలేదు."

"తాడు ఇసిరీసి ఊరుకున్నావు. ముడి నాను ఎయ్యాల." అని లేచి వెళ్లి కంచం ముందు కూర్చున్నాడు. నేను పులుసు గిన్నె తెచ్చాను. అది తీసేయమని చేత్తో చూపించి, పప్పు వెయ్యమన్నాడు.

వీధి ముందు నటిస్తే చాలనుకున్నాను నేను. ఆయన నటించలేదు. పుట్టాక పాలు తాగడం ఆపిన రోజు నుంచి చేప తిన్న మనిషి, డెబ్భై దగ్గరపడ్డాక ఆ పూట నుంచి ముట్టలేదు. మా ఆయనా నేనూ తింటుంటే కూడా తన మానాన మజ్జిగన్నం కలుపుకునేవాడు. కొన్నాళ్లకి మాకే సిగ్గేసి మానేశాం. ముందు ముద్ద పద్ధతి మాత్రం వదల్లేదు. ఉడికిన మేకముక్క సుక్కాని గిన్నెలో పడ్డాకే ఆయన పప్పు ఆయన కలిపేవాడు.

ఆ వారాల్లోనే నా బెంగంతా దాగుంది. దురద వెంటనే పోదు కదా. వాడు గోక్కోబోతే ఎవరో ఒకరు కాలు పట్టుకోవాలి. మధ్యాహ్నాలు కొట్టుకి తాళం వేసి వచ్చి నేను వెనక కాళ్లు పట్టుకునేదాన్ని, మావయ్య ముందు కాళ్లు. చేతులు ఖాళీ లేవు, బయట వాన, చేసేదేమీ లేదు. అందుకని మాటలు. పెళ్లై వచ్చి పాతికేళ్లు దాటినా, ఆ మనిషి అంత మాటకారి అని నాకు తెలియదు. మంచు పట్టి దారి కనపడనప్పుడు కార్‌నికోబార్ దాకా బోటు ముందు ఈది దారి చూపించిన తాబేలు సంగతి అప్పుడే విన్నాను. ఆ తాబేలుకి జీతం ఏమిచ్చేవారని అడిగాను. జీతం లేదు గాని టీ టైమిచ్చేవాళ్లమని చెప్పాడు, మొహంలో ఒక్క గీత కదలకుండా. నేను ఊరుకుంటానా. మా కొట్టులో లేసు కొన్న ఒకావిడ అది కొలవమంటే, కొలుచుకుంటూ గరాచర్మ ఊరి దాకా వెళ్లి బస్సులో తిరిగొచ్చానని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, గరాచర్మ ఎక్కుడు దారిలో లేసు సాగుతుంది కాబట్టి ఆవిడకి నష్టం వచ్చి ఉంటుందన్నాడు. మా ఇద్దరి మధ్య పడుకుని సుక్కాని ఒకసారి ఆయన వైపూ ఒకసారి నా వైపూ చూసేవాడు. ఎవరి అబద్ధం గెలిచిందో వాడికే తెలియాలి.

ఎప్పుడు తగ్గిందో చెప్పమంటే చెప్పలేను. ఒకరోజు కాళ్లు పట్టుకుని కూర్చున్నాం గాని, పట్టుకోవాల్సిన పని లేదని ఇద్దరికీ కాసేపటికి తెలిసింది. వాడు గుర్రు పెడుతున్నాడు. అయినా వదల్లేదు. తాబేలు కథ సగంలో ఉంది.

దీపావళి తరవాత

మెడ గరాటు తీసేశాం. చంకల్లో నలుపు విరిగి లేత చర్మం వచ్చింది. మాయాబందర్ నుంచి ఫోనొస్తే మా ఆయన వరండాలో నిలబడి మాట్లాడాడు. ఈ కుక్క తోటలో పనికిరాదు, మేకమాంసం తప్ప తినదు, నీ తోట అమ్మినా చాలదు అన్నాడు. ఫోను పెట్టేసి నా వైపు చూసి, ఇలా కోతలు కోయడం నీ దగ్గరే నేర్చుకున్నానన్నాడు. నువ్వు చెప్పింది నిజమే కదా అన్నాను.

డాక్టరమ్మ సుక్కానిని తిప్పి తిప్పి చూసి చాలా సంతోషించింది. ఇక ఒకటే మిగిలిందంది. రోగం చేపదేనని ఖాయం చేసుకోవడానికి ఇప్పుడు కొంచెం చేప పెట్టి చూడాలి, మళ్లీ దురదొస్తే తేలిపోతుంది. మావయ్య ఆసుపత్రికి ఆ రోజు మొదటిసారి వచ్చాడు. ఆమె చెప్పింది నేను తెలుగులో చెప్పాక, ఆయన సుక్కాని తాడు చేతికి చుట్టుకుని లేచాడు.

"సముద్రం ఉప్పగా ఉందో నేదో రోజూ నాకి సూత్తామేటమ్మా," అన్నాడు. "నాకు రుజువు ఒద్దు. కుక్క సాలు."

అది హిందీలోకి మార్చి చెప్పాను, ఈసారి ఏమీ కలపకుండా. ఆమె నవ్వి, సరే, చేప మాత్రం ఎప్పటికీ పెట్టొద్దంది.

ఇక వీధి మిగిలింది. కుక్కకి నయమైంది కాబట్టి మొక్కు తీరినట్టే, కాకా ఇక చేప తినాలని షెఫాలీ దీదీ పట్టు. మొక్కు విడిచే పూట మంచి చేపతో విడవాలని తనే వండింది. పారావాడికి పెట్టకుండా వాడి ఎదుట మా ఇంట్లో తిననన్నాడు మావయ్య. ఇప్పటికీ మా ఇంట్లో చేప ఉడకదు. చేప తినాలనిపిస్తే వారానికోసారి చొక్కా తొడుక్కుని, బజారు పని ఉందని సుక్కానితో చెప్పి, ఎదురింటికి వెళ్తాడు.

ఇది రాస్తుండగానే మావయ్య వచ్చాడు. దీదీ ఇంటి కొళాయి దగ్గర సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, తువ్వాలుతో మూతి తుడుచుకుని గేటు తీశాడు. సుక్కాని నిద్ర లేచి, ఒళ్లు విరుచుకుని, తోక పక్కకి వాల్చి ఎదురెళ్లాడు. ముక్కు ఎత్తి ఆయన కుడిచేతి వైపు చాచాడు. తుపానులో కూడా వెనక్కి తగ్గలేదని చెప్పుకునే మా సారంగు, చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, ఒక్కో అడుగూ గేటు దాకా వెనక్కి నడిచాడు.